సైకిల్ దారికి అడ్డంగా షామియానా

సీతాఫల్‌బాగ్ కాలనీలో ఎవరింట్లో ఏ శుభకార్యం తలపెట్టినా మొదటి పిలుపు దేవుడికి, రెండోది నగేశ్‌కు. దేవుడు ఒక్కోసారి ఆలస్యం చేస్తాడేమో గాని నగేశ్ చెయ్యడు. తెల్లారేసరికి ఇంటి ముందు ఎరుపు, పసుపు, నీలం గళ్ళ షామియానా లేచి నిలబడి ఉంటుంది. దాని కింద కుర్చీలు, మూలకు నీళ్ళ డ్రమ్ము, ఆ పక్కన వంటవాళ్ళ డేగిసాలు. పిల్లకు పేరు పెట్టినా, పిల్లవాడికి పుట్టెంటికలు తీసినా, ముసలాయనకు పదకొండో రోజు చేసినా జరిగేదంతా ఆ గుడ్డ కిందే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వైపు మెట్రో స్తంభాల వెంబడి పోతూ మధ్యలో లోపలికి తిరిగితే వస్తుంది ఆ కాలనీ. సీతాఫలం చెట్లను చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. కాలనీ నడుమ ఒక రోడ్డు ఉంది. దాన్ని అందరూ నలభై ఫీట్ల రోడ్డు అంటారు. రెండు పక్కలా కార్లు నిలబెట్టగా మిగిలేది ఒక ఆటోకూ, భయంభయంగా పోయే ఒక స్కూటరుకూ సరిపడా జాగా. ఆ రోడ్డు మొదట్లోనే నగేశ్ దుకాణం. బోర్డు మీద 'యాదలక్ష్మి టెంట్ హౌస్' అని ఉంటుంది. యాదలక్ష్మి అతని భార్య. పెళ్ళయిన కొత్తలో మురిసిపోతూ ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు మార్చాలనుకున్నా ధైర్యం చాలదు.

నగేశ్ నాన్న కొండల్ చౌటుప్పల్ అవతల పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టెంట్ హౌస్‌లో పైపులు మోసేవాడు. మోసీ మోసీ, చివరికి కొన్ని కుర్చీలూ ఒక టెంటూ సొంతం చేసుకుని ఈ కాలనీకి వచ్చి పడ్డాడు. నగేశ్ ఇంటర్ రెండో సంవత్సరం వరకూ చదివాడు. పరీక్షల నెలా పెళ్ళిళ్ళ నెలా ఒకటే కావడం అతని తప్పు కాదు. ఫిజిక్స్ పరీక్ష రోజు పొద్దున ఒక పెళ్ళిలో గాలికి టెంటు లేచిపోతుంటే తాడు పట్టుకుని వేలాడాడు. బలాలూ దిశలూ అతనికి అక్కడే తెలిసిపోయాయి. పరీక్ష హాలుకు మళ్ళీ పోలేదు.

అతని పనితనమంతా టెంటును రోడ్డుకు అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టడంలో ఉంది. తాళ్ళు అటు పిట్టగోడకూ ఇటు బాల్కనీ గ్రిల్లుకూ పోతాయి. కాలనీలో కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు మొదటి అంతస్తు గోడకు రెండు ఇనుప కొక్కేలు పెట్టించుకుంటారు. మేస్త్రీ ఎందుకని అడిగితే "నగేశ్‌కు" అంటారు. అలా కట్టిన టెంటును ఎవరూ ఏమీ అనరు. ఈ ఊళ్ళో ఎర్రలైటును లెక్కచెయ్యనివాడు కూడా షామియానా కనపడగానే బ్రేకు వేస్తాడు. హారన్ కొట్టడు. మెల్లగా వెనక్కి తిప్పుకుని పక్క వీధిలోంచి పోతాడు. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు అందరితో కొట్లాడే మనిషి. అతను కూడా "ఎవరింట్ల దావత్?" అని అడిగి రివర్స్ చేసుకుంటాడు.

ఒకే ఒక ఇబ్బంది ఉంది. టెంట్ హౌసుల వాళ్ళకు హద్దులుంటాయి. నాలా అవతల కాలనీలు మహేందర్‌వి, గుట్ట కింద ఇళ్ళు ఇంకొకరివి. ఒకరి హద్దులో ఇంకొకరు పైపు పాతరు. ఆ మాట ఎక్కడా రాసి లేదు గాని, తప్పినవాడికి తరవాత సీజనులో ఎవరూ కుర్చీలు అప్పివ్వరు. నగేశ్‌కు ఉన్నది ఈ నలభై ఫీట్ల రోడ్డు, దాన్ని ఆనుకున్న గల్లీలు. గల్లీల్లో పెద్ద టెంటు పట్టదు. అంటే ఉన్నది రోడ్డొక్కటే.

ఆ రోడ్డు మీదికి ఒక పొద్దున టేపులూ సున్నం బస్తా పట్టుకుని మున్సిపాలిటీ వాళ్ళు వచ్చారు. వాళ్ళతో ఒక చిన్న వయసు ఇంజినీరమ్మ, పేరు విజయశ్రీ. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, రోడ్డుకు ఎడమ పక్కన తెల్లటి గీత గీయిస్తోంది.

నగేశ్ టీ గ్లాసుతో వెళ్ళి నిలబడ్డాడు. "ఏంది మేడం గిది?"

"సైకిల్ దారి. మెట్రో స్టేషన్ నుంచి పార్కు దాకా. మీ రోడ్డు మీదుగానే పోతుంది."

"గీత కొట్టి పోతరా?"

"గీత ఒక్కటే అయితే దాని మీద కార్లు పెడతారు కదండీ. పొడుగునా స్తంభాలు వస్తాయి. నడుమెత్తు ఉంటాయి. కాంక్రీటులో పాతుతాం."

నగేశ్ టీ గ్లాసు దించాడు. "మరి టెంటు?"

"ఏ టెంటు?" అంది విజయశ్రీ.

ఆమెకు నిజంగానే తెలియదు. ఆమె చేతిలో ఉన్న కాగితం మీద రోడ్డుంది, చెట్లున్నాయి, మ్యాన్‌హోళ్ళు కూడా ఉన్నాయి. షామియానా లేదు.

ఆ ఆదివారమే కాలనీ సంఘం కూర్చుంది. అధ్యక్షుడు మహిపాల్ బస్ డిపోలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి. ఎదురుగా ఇద్దరే ఉన్నా మైకులో మాట్లాడినట్టే మాట్లాడతాడు. ఆయన పక్కన పట్టాభి. తెనాలి వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళ కింద ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి ముందు రోడ్డు మీద ఆయనవి రెండు కార్లు ఉంటాయి. ఒకటి తిరగడానికి, ఒకటి తుడవడానికి.

"అసలు సైకిలు ఎవడు తొక్కుతాడండీ ఇక్కడ?" అన్నాడు పట్టాభి. "పాలవాడొకడు తొక్కేవాడు. వాడూ మొన్న బుల్లెట్ కొనుక్కున్నాడు. మరి మా కార్లు నెత్తిన పెట్టుకోమంటారా?"

"పార్కింగ్ జాగ లేదు! మన మొదటి పాయింట్ గదే!" అన్నాడు మహిపాల్. "అర్జీ పెడ్తే సంవత్సరాలు పడ్తది. ఈ లోపల స్తంభాలు పాతిపోతరు. ఏం చేద్దాం? అందరు ఆలోచించుండ్రి."

అందరూ ఆలోచించారు. ఎవరికీ ఏమీ తట్టలేదు. కుర్చీలు సర్దుతున్న నగేశ్ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు, "టెంటు ఏసి ఉంటే ఎవ్వడు పని చెయ్యడు సార్."

మహిపాల్ తల మెల్లగా అతని వైపు తిరిగింది. "మళ్ళొకసారి చెప్పు."

"దావత్ నడుస్తుంటే టెంటు పీకి గుంత ఎవడు తవ్వుతడు సార్? పాపం అనుకుంటరు."

అట్లా మొదలయింది. సీతాఫల్‌బాగ్ కాలనీ ఆ రోజు నుంచి నలభై ఫీట్ల రోడ్డు మీద ప్రతిరోజూ ఏదో ఒక ఫంక్షన్ చేసుకోవాలని తీర్మానించింది. పక్క వీధి ఖాళీగానే ఉంటుంది కనుక బండ్లు అటు పోవచ్చు. కిరాయి సంగతి ఎవరూ ఎత్తలేదు, నగేశ్ కూడా ఎత్తలేదు. దుకాణం నిలబడితే కిరాయి ఎప్పుడైనా వస్తుంది.

మొదట్లో పని సులువుగానే నడిచింది. నిజం పుట్టినరోజులు దొరికాయి. పట్టాభి మనవరాలిని తొట్టెలలో వేశారు. అవి అయిపోయాక కొంచెం కష్టపడాల్సి వచ్చింది. సీతారాములు అనే ఆయన రిటైరై మూడేళ్ళయింది. ఆయనకు శాలువా కప్పి మళ్ళీ రిటైర్ చేశారు. ఆయన భార్య ఈసారైనా మంచి ఫోటో దిగమని దగ్గరుండి జుట్టుకు రంగు వేసింది. ఒకరు కొత్త స్కూటరుకు పూజ చేయించి భోజనాలు పెట్టారు. వెంకాయమ్మగారికి మోకాలి ఆపరేషన్ అయినందుకు ఫ్లెక్సీ కొట్టించారు. అందులో ఆమె ఫోటో, కింద మోకాలి ఎక్స్‌రే.

విజయశ్రీ వచ్చిన ప్రతిసారీ టెంటు కనపడేది. పనివాళ్ళు గడ్డపారలు కింద పెట్టేవాళ్ళు. వాళ్ళకు మహిపాలే స్వయంగా విస్తరాకు అందించి "తినుండ్రి బిడ్డా, మన ఇంట్ల శుభకార్యం" అనేవాడు. బగారన్నం, దాల్చా తిని, దీవించి, వెనక్కి పోయేవాళ్ళు. విజయశ్రీ తొట్టెల రోజు బిడ్డకు గౌను తెచ్చి పెట్టింది. రిటైర్మెంట్ రోజు సీతారాములుకు దండం పెట్టి "మీ లాంటివాళ్ళు వెళ్ళిపోతే ఆఫీసుకే లోటు సార్" అంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదటిసారి రిటైరైనప్పుడు ఆఫీసులో ఎవరూ ఆ మాట అనలేదట.

టెంటుకు జాగా కావాలంటే కార్లు తియ్యాలి. అది నగేశ్‌కు చిన్నప్పటి నుంచీ ఉన్న తిప్పలు. ఇంటింటికీ పోయి బెల్లు కొట్టి, తాళాలు అడిగి, బతిమాలి తీయించాలి. ఇప్పుడు మహిపాల్ హుకుం జారీ చేశాడు గనుక అందరూ పొద్దున్నే తీసేస్తున్నారు. పట్టాభి తన పోర్టికోలో ఎన్నో ఏళ్ళుగా పడి ఉన్న పాత సోఫా, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లు పైకి మోయించి, రెండు కార్లూ లోపలికి ఎక్కించాడు. తతిమ్మావాళ్ళు కూడా ఏదో ఒకటి జరిపి, బండి గేటు లోపల పెట్టుకున్నారు.

భోజనాలయ్యాక మధ్యాహ్నం టెంటు ఖాళీగా ఉంటుంది. సైడు పరదాలు దించేసి, నగేశ్ దుకాణంలో కార్పెట్ల దొంతర మీద ఒక కునుకు తీస్తాడు. ఒకనాడు నిద్రపట్టలేదు. జగ్గులు లెక్కపెట్టుకుందామని టెంటు దగ్గరికి పోయాడు. లోపలి నుంచి నవ్వులు. తరవాత ఒక గంట మోత. వెంటనే ఒక పైపు కదిలి టెంటంతా ఒకసారి ఊగింది.

పరదా ఎత్తి చూశాడు.

యాదలక్ష్మి ఒక చిన్న గులాబీరంగు సైకిలు మీద, చీర కొంగు నడుముకు చెక్కుకుని, పైపుల నడుమ మెలికలు తిరుగుతూ వస్తోంది. చుట్టూ కాలనీ ఆడవాళ్ళు. వెంకాయమ్మగారు కొత్త మోకాలు చాపి కుర్చీలో కూర్చుని "ఎడమకి, ఎడమకి కొట్టవే" అని అజమాయిషీ చేస్తోంది. మహిపాల్ భార్య కౌసల్యమ్మ చేతిలో వేరే సైకిలు. పైపును గుద్దింది ఆమేనని ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఏందే గిది?" అన్నాడు నగేశ్.

"కనవడ్తలేదా? సైకిల్."

"ఎవలన్న జూస్తే?"

"జూడొద్దనే గద నీ పరదాల ఎనక తొక్కుతున్నం. జర ఆ మూల కిందికి గుంజు, సందు కనవడ్తున్నది."

నగేశ్ ఆ మూల కిందికి గుంజాడు. అలవాటు. తరవాత గాని కోపం గుర్తుకు రాలేదు. "నీకు సైకిల్ ఎట్ల వచ్చు?"

"మా ఊరి నుంచి హైస్కూలుకు రోజు పోయిందే సైకిల్ మీద. మా అన్నది. కడ్డీ సైకిల్."

"నాకెప్పుడు చెప్పలేదు?"

"నువ్వెప్పుడన్న అడిగినవా?" అని గంట కొట్టి అతని చుట్టూ ఒక రౌండు తిరిగింది. సైకిలు మీద ఆమె పెళ్ళినాటి కంటే చిన్నదానిలా కనపడింది. నగేశ్ ఆ మాట పైకి అనలేదు. పైకి అన్నది వేరే. "సైకిల్ దారి వస్తే మన దుకాణం మూసుడే. ఎరుకేనా నీకు?"

"ఎరుకే. అందుకే దారి మీద తొక్కుతలేను. నీ టెంటు కిందనే తొక్కుతున్న."

ఈలోగా కౌసల్యమ్మ "నగేశూ, జర నా సీటు పట్టుకో నాయనా, మళ్ళ గుద్దేటట్లున్న" అంది. పట్టుకున్నాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి ఉరుకుతూ పట్టుకున్నాడు. చెమటలు కారాయి. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు అతనికి కునుకు లేదు. ఒక పైపుకు తలగడ కట్టాడు, ఎందుకంటే కౌసల్యమ్మ ప్రతిసారీ దాన్నే గుద్దేది. ఈ సంగతి మహిపాల్‌కు చెప్పనని ఒట్టు కూడా వేశాడు.

రాను రాను కాలనీలో ఫంక్షన్లు నిండుకున్నాయి. ఒకరోజు మహిపాల్ వీధికుక్కకు పుట్టినరోజు చేద్దామన్నాడు. అది ఏ నెలలో పుట్టిందో ఎవరికీ తెలియలేదు. అదే వారం మున్సిపల్ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. కాలనీవాళ్ళ అభిప్రాయాలు వింటాం, ఆ తరవాతే పని. సభ ఎక్కడ? ఇంకెక్కడ, నగేశ్ టెంటులోనే.

ఆ రోజు నగేశ్ టెంటును ఎన్నడూ లేనంత బిగించి కట్టాడు. ఇదే ఆఖరిది కావచ్చునని చేతులకు తెలిసినట్టుంది. ముందు వరసలో విజయశ్రీ, ఆమె పై ఆఫీసరు. మహిపాల్ చేతికి ఈసారి నిజంగానే మైకు దొరికింది.

"మా మొదటి పాయింట్, చివరి పాయింట్ ఒక్కటే. పార్కింగ్! ఈ కాలనీల కార్లు పెట్టుకునేటందుకు రోడ్డు తప్ప ఇంకో జాగ లేదు! గింత జాగ లేదు!"

విజయశ్రీ లేచింది. గొంతు మెల్లగా ఉంది. "సార్, ఇన్ని రోజులుగా రోజూ ఇక్కడ ఫంక్షన్ జరుగుతోంది కదా. మరి కార్లన్నీ ఎక్కడ పెట్టారు?"

మహిపాల్ పట్టాభి వైపు చూశాడు. పట్టాభి ట్రెడ్‌మిల్లు పోయిన దిక్కుకు, మేడ మీదికి చూశాడు.

"అంటే... ఏదో సర్దుకున్నామండీ," అన్నాడు పట్టాభి.

"బాగా సర్దుకున్నారు సార్," అంది విజయశ్రీ. వెటకారం లేదు, నిజంగానే మెచ్చుకుంది. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

"గదంత కాదు! ఓటుకు పెడ్తా!" అన్నాడు మహిపాల్. "సైకిల్ దారి వద్దన్నోళ్ళు చెయ్యెత్తుండ్రి!"

మగవాళ్ళ చేతులు చాలా లేచాయి. ఆడవాళ్ళు కూర్చున్న వైపు ఒక్క చెయ్యి లేవలేదు. మహిపాల్ ఒకటికి రెండుసార్లు చూసి, చివరికి తన భార్య దగ్గర ఆగాడు. "కౌసల్యా, చెయ్యెత్తు."

"ఎత్తను."

"నీకేం పని సైకిల్ తోటి?"

"నిన్న మూడు పైపులు గుద్దిన. నాలుగోది తప్పించిన," అంది కౌసల్యమ్మ. ఆమె గొంతులో ఉన్న గర్వం మైకు లేకుండానే ఆఖరి వరస దాకా వినపడింది. "ఇంకో వారం ఆగితే అన్ని తప్పిస్త. టెంటు పీకినంక యాడ తొక్కాలె? బస్సుల కిందనా?"

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. పిల్లలను బడికి పంపాలంటే రోజూ ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాల్సి వస్తోందని ఒకామె, మెట్రో దాకా ఆటోవాళ్ళను బతిమాలలేకపోతున్నానని ఇంకొకామె. ఆ గోలలో విజయశ్రీ నగేశ్ వైపు తిరిగింది. "నగేశ్ గారూ, మీరేమీ చెప్పలేదు."

అతను చెయ్యి ఎత్తనూ లేదు, దించుకోనూ లేదు. తాడు పట్టుకుని నిలబడ్డాడు. "నాకు చెప్పరాదు మేడం. సైకిల్ దారి మంచిదే. మా ఇంట్ల గూడ తొక్కుతరు. కాని గా స్తంభాలు వస్తే నేను టెంటు ఎయ్యలేను. ఈ రోడ్డు తప్ప నాకు ఇంకో రోడ్డు లేదు. గింతే."

విజయశ్రీ కాగితం విప్పి చూసింది. "అబద్ధం చెప్పి ఆశ పెట్టలేను," అంది. "స్తంభాలు తియ్యడం కుదరదు. అవి లేకపోతే అది పిల్లలు తొక్కే దారి కాదు. దానికి అడ్డంగా టెంటు వెయ్యడానికి కూడా ఒప్పుకోలేం."

నగేశ్ తల ఊపాడు. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు.

నెల తిరిగేసరికి స్తంభాలు వచ్చాయి. ఎడమ పక్క పొడుగునా ఆకుపచ్చ దారి. కుడి పక్క కార్లు కూడా తిరిగి రాలేదు. పట్టాభి సోఫా, ట్రెడ్‌మిల్లు మళ్ళీ కిందికి మోయించడం ఖర్చని ఊరుకున్నాడు. ఒకరు పెట్టకపోతే మిగతావాళ్ళకూ పెట్టబుద్ధి కాలేదు. నగేశ్ దుకాణంలో మాత్రం షామియానాలు మడతల్లోనే ఉన్నాయి. రెండు పెళ్ళిళ్ళు ఫంక్షన్ హాలుకు పోయాయి. గల్లీలో ఒక పుట్టినరోజుకు కుర్చీలు మాత్రం తీసుకుపోయారు. నగేశ్ రోజూ దుకాణం ముందు కూర్చుని, పోయే సైకిళ్ళను చూస్తూ పైపులకు తుప్పు గీకేవాడు.

ఒకనాడు యాదలక్ష్మి వచ్చి రోడ్డుకు కుడి పక్కన నిలబడింది. గోడ నుంచి అడుగులు వేసుకుంటూ రోడ్డు మీదికి వచ్చి ఆగింది.

"కార్లు ఉండె జాగ మొత్తం ఖాళీ ఉన్నది గద," అంది. "గీడ ఎయ్యి టెంటు."

"గంత సన్నం జాగల? టెంటు వెడల్పే పద్దెనిమిది ఫీట్లు."

"సగం చెయ్యి."

"సగం చేస్తే అది టెంటెట్ల అయితది? లుంగీ అయితది."

"లుంగీ కట్టుకోని ఎంతమంది మంచిగ బతుకుతలేరు?" అని లోపలికి పోయి కత్తెర తెచ్చి అతని చేతికి ఇచ్చింది.

నగేశ్ పెళ్ళిళ్ళకు వేసే షామియానాను రోడ్డు పక్కన పరిచాడు. పెళ్ళికూతురు చెంపల మీది పసుపంత ముదురు పసుపు, నడుమ నీలి పువ్వు. కత్తెర తెరిచాడు. మూశాడు. తాళ్ళు ముడి వెయ్యడం, విప్పడం, చిరుగుకు అతుకు వెయ్యడం వచ్చు. కొయ్యడం రాదు. యాదలక్ష్మి కాసేపు చూసి, కత్తెర లాక్కుని, నీలి పువ్వు నడుమ నుంచి ఒక్క ఊపులో చివరిదాకా పోయింది. నగేశ్ వేరే దిక్కుకు చూశాడు. తరవాత వారం రోజులు రెండు సగాలను కొసకు కొస కలిపి కుడుతూ ఇంట్లో కుట్టుమిషను చప్పుడే.

పొడుగు టెంటును మొదటిసారి నిలబెట్టిన పూట చూడటానికి మహిపాల్ వచ్చాడు. తాళ్ళు ఒక్క పక్క గోడకే ఉన్నాయి. రోడ్డు పక్క పట్టుకునేది ఏమీ లేదు. మహిపాల్ దాని కిందికి వచ్చి, "మంచిగనే ఉన్నది గదా" అంటుండగా టెంటు తొందరేమీ లేకుండా, మర్యాదగా, ఆయన మీద వాలిపోయింది. గుడ్డ కింద నుంచి కూడా ఆయన గొంతు మైకులోంచి వచ్చినట్టే వచ్చింది. మరునాడు రోడ్డు పక్క పైపులను ఇసుక నింపిన డ్రమ్ములలో నిలబెట్టాడు నగేశ్. గాలి వచ్చింది. టెంటు ఊగింది, పడలేదు.

దానికి మొదటి ఆర్డరు మహిపాల్‌దే. మనవరాలు శ్రీకళకు ఓణీల ఫంక్షన్. కౌసల్యమ్మ పట్టుబట్టింది, హాలు వద్దు, ఇంటి ముందరే అని. నల్లగొండ నుంచి, బడంగ్‌పేట్ నుంచి చుట్టాలు దిగారు. వాళ్ళు నవ్వితే ఆ నవ్వు అన్ని ఊళ్ళకూ పోతుంది. తరవాత ఇంకెవరూ పిలవరు. నగేశ్ డ్రమ్ము పక్కన నిలబడి ఒక్కొక్క ముఖమే చూస్తున్నాడు.

మొదట దిగింది మహిపాల్ బావ అంతయ్య. తెల్ల పంచె, కండువా, ఎక్కడికి పోయినా తప్పు పట్టే హోదా. టెంటును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు.

"ఏంది బావా గిది, రైలు డబ్బా లెక్కున్నది? ఇంజన్ యాడున్నది?"

"వంటల కాడ ఉన్నది, పో," అన్నాడు మహిపాల్.

చుట్టాలు నవ్వారు. నగేశ్ డ్రమ్ములోని పైపును ఒకసారి అదిమి చూశాడు. అంతయ్య పోయి కుర్చీలో కూర్చున్నాడు. అడ్డం టెంటులో అయితే ముందరివాళ్ళ వీపులు చూస్తూ కూర్చోవాలి. ఇక్కడ కుర్చీలన్నీ రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ కనపడుతున్నారు. అవతల ఆకుపచ్చ దారి మీద బడిపిల్లలు గంటలు కొట్టుకుంటూ పోతున్నారు. ఒక సైకిలు ఆగింది. దిగిన మనిషి హెల్మెట్ తీస్తే విజయశ్రీ. పిల్లకు పట్టులంగా గుడ్డ తెచ్చింది. ఇది నిజం ఫంక్షనేనా అని చెవిలో అడిగితే కౌసల్యమ్మ ఆమె చెయ్యి మీద ఒకటి వేసింది.

అంతయ్య రెండుసార్లు తిన్నాడు. కూర్చున్న చోటికే బగారన్నం వచ్చింది, లేవాల్సిన పని పడలేదు. పాన్ నోట్లో పెట్టుకుని నగేశ్‌ను వేలితో పిలిచాడు.

"నీదేనా గీ డబ్బా?"

"అవు పెద్దనాయినా."

"పెద్ద అంబర్‌పేట్‌ల మా చిన్నోడి ఇంటి ముందర గింతే జాగ. రోడ్డు ఆపితే ఊకోరు. వచ్చే నెల తొట్టెల ఉన్నది. తీస్కరా."

"గా ఊరు నా హద్దు కాదు పెద్దనాయినా. అక్కడ వేరే టెంట్ హౌసోళ్ళు ఉంటరు. వాళ్ళను కాదని నేను పైపు పెట్టరాదు."

"వాళ్ళ కాడ గిది ఉన్నదా?"

"లేదు."

"లేని దానికి హద్దేంది? అడుగు పో."

నగేశ్ పక్కకు పోయి, నాలా అవతలి మహేందర్‌ను అడిగి నంబరు పట్టుకుని, పెద్ద అంబర్‌పేట్ టెంటు ఆయనకు ఫోన్ కలిపాడు. భయంభయంగా సంగతంతా చెప్పాడు. హద్దు మీద కొట్లాటకు దిగుతాడేమోనని నగేశ్ ఫోను చెవికి కొంచెం ఎడంగా పెట్టుకున్నాడు.

"అన్నా," అన్నాడు అవతలి మనిషి, "మా దిక్కు గూడ రోడ్ల మీద ఎయ్యనిస్తలేరు. అన్ని సగం జాగలే. ఈ తొట్టెలకు నువ్వే తెచ్చి ఎయ్యి, నేను కుర్చీలు పెడ్త. కాని ఎట్ల కోసినవో జర చెప్పు. కుట్టు యాడ వస్తది? కొలతలేంది?"

నగేశ్ టెంటు చివరిదాకా, ఆకుపచ్చ దారి వెంబడి ఎల్బీ నగర్ దిక్కుకు చూశాడు.

"ఒక్క పది నిమిషాలు ఆగు తమ్మీ," అన్నాడు. "కొలతలు నాకు ఎరుక లేదు. కోసింది మా ఇంటామె. కొత్తిమీర అయిపోతే బజారుకు పోయింది. సైకిల్ మీదనే పోయింది, దబ్బున వచ్చేస్తది."